వెనక గాజులోంచి చూడటం: స్వతంత్ర వాచీల మూవ్‌మెంట్, పనితనం అంచనా వేసే పద్ధతి

పెద్ద గ్రూపుల చేతిలో లేకుండా స్వతంత్రంగా పనిచేసే స్విస్ వాచీ నిపుణుడు ఫిలిప్ డ్యుఫూర్ చేసిన 'సింప్లిసిటీ' వాచీకి ఉన్నవి మూడు ముళ్లే. తేదీ లేదు, గంట కొట్టదు, రోజూ చేత్తో కీ ఇచ్చుకోవాలి. అయినా 20 ఏళ్ల గుర్తుగా చేసిన వాటిలో ఒకటి 2020లో జెనీవా వేలంలో పది లక్షల స్విస్ ఫ్రాంకులు దాటి పలికింది. ఆ ధర దేనికో డయల్ చూస్తే తెలియదు. వాచీ బోర్లించి, లోపలి యంత్రాన్ని, అంటే మూవ్‌మెంట్‌ను, వెనక గాజులోంచి, లూప్ (కంటికి ఆనించుకునే భూతద్దం) పెట్టి, ఒక వరస ప్రకారం చూడాలి. కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇలాంటి వాచీ ఎదురుపడటం అరుదే. కానీ చూసే కంటిని మాత్రం ఇక్కడే, పాత హెచ్‌ఎంటీ మీదే తయారు చేసుకోవచ్చు. అవకాశం దొరికి బెంగళూరులోనో ఇంకెక్కడో ఒక వాచీ చేతికొస్తే, ఉన్న పది నిమిషాల్లో ఏం చూడాలో అప్పుడు తడుముకోనక్కర్లేదు.

ముందుగా సరంజామా

పది రెట్ల లూప్ ఒకటి కావాలి. మూడు అద్దాలు కలిపి చేసినది, అంటే ట్రిప్లెట్ అడగండి. ఒంటి అద్దం చవక లూప్‌లో అంచుల దగ్గర రంగులు విరిగి కనబడతాయి, పాలిష్ గురించి ఏమీ తేల్చుకోలేరు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో రాళ్లు చూడటానికి వాడేది ఇదే. లూప్‌ను కంటికి ఆనించి, రెండో కన్ను మూయకుండా, వాచీనే దగ్గరికి తెచ్చుకోవాలి. అద్దం నుంచి సుమారు 2.5 సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా కనిపిస్తుంది. మోచేతులు బల్ల మీద ఆనించకపోతే చెయ్యి వణికి ఏదీ నిలకడగా ఉండదు.

రెండోది వెలుగు. ట్యూబ్‌లైటు కింద ఏ వాచీ అయినా బాగానే ఉంటుంది, అదే దాంతో ఇబ్బంది. నలువైపులా పరుచుకునే వెలుగులో గీతలు, అరిగిన అంచులు, వంకర పాలిష్ అన్నీ దాక్కుంటాయి. గదిలో లైట్లు తగ్గించి, ఒకే బల్బున్న చిన్న ఎల్‌ఈడీ టార్చిని పక్కనుంచి పట్టుకోండి. టార్చి కదపొద్దు, వాచీని పది పదిహేను డిగ్రీలు అటూ ఇటూ వంచండి.

మూడోది గాలి ఊదే రబ్బరు బుడ్డి. మన వైపు వేసవి గాలిలో ఉండే దుమ్ములో ఇసుక ఎక్కువ. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టితనం 7, ఇలాంటి వాచీలకు వాడే నీలమణి గాజుది 9. కాబట్టి గాజుకు ఏమీ కాదు. బంగారు కేసు మీద, స్టీలు మెరుగు మీద, పాత హెచ్‌ఎంటీల ప్లాస్టిక్ అద్దం మీద మాత్రం గీత పడుతుంది. ముందు ఊదాలి, తర్వాతే గుడ్డతో తుడవాలి.

నాలుగోది సాధనకు ఒక వాచీ. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల్లో 'జనతా', 'పైలట్' లాంటివి చేత్తో కీ ఇచ్చేవి, 17 జ్యూయెల్స్ (ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్లు), గంటకు 18,000 దెబ్బలు. అలంకారం దాదాపు ఉండదు. అందుకే పనికొస్తుంది: అలంకారం లేని పని ఎలా ఉంటుందో తెలియకుండా అలంకారాన్ని అంచనా వేయలేం. ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొత్తవాటిలా మెరిసేవి చాలావరకు డయల్ మళ్లీ ముద్రించినవి. మీకు కావలసింది మూవ్‌మెంట్ కాబట్టి అరిగిన డయల్‌తో ఉన్న అసలుదే కొనండి.

వెనక మూత మీరు తీయకండి. తెలిసిన రిపేరు అంగడికి తీసుకెళ్లి, "అన్నా, మిషన్ కదిపేది లేదు, మూత తీసి చూపిచ్చు సాలు" అని అడిగితే పని అయిపోతుంది. అయిదు నిమిషాల పనికి ఎంతో కొంత చేతిలో పెట్టండి.

మొదటి మెట్టు: బలం ఎటు పోతోందో వెతకడం

మెరుపు వైపు కళ్లు పోకముందే నడక చూడాలి. కీ ఇస్తే పెద్ద డబ్బాలాంటి బ్యారెల్ లోపల మెయిన్‌స్ప్రింగ్ చుట్టుకుంటుంది. బ్యారెల్ అంచు పళ్లు సెంటర్ చక్రాన్ని తిప్పుతాయి, అది మూడో చక్రాన్ని, అది నాలుగో చక్రాన్ని, అది ఎస్కేప్ చక్రాన్ని. ఎస్కేప్ చక్రాన్ని ప్యాలెట్ ఫోర్క్ ఆపుతూ వదులుతూ, ఆ క్రమంలో బ్యాలెన్స్ చక్రాన్ని ఒక్కో తోపు తోస్తుంది. బ్యాలెన్స్‌ను వెనక్కి లాగేది వెంట్రుక కన్నా పలచని హెయిర్‌స్ప్రింగ్.

దీన్ని లెక్కతో సరిచూసుకోవచ్చు. సాధారణంగా ఎస్కేప్ చక్రానికి 15 పళ్లు, ఒక్కో పన్నుకు రెండు దెబ్బలు. అంటే ఒక చుట్టుకు 30 దెబ్బలు. గంటకు 18,000 దెబ్బలంటే సెకనుకు 5, కాబట్టి ఎస్కేప్ చక్రం ఒక చుట్టు తిరగడానికి 6 సెకన్లు పడుతుంది. నాలుగో చక్రం నిమిషానికి ఒకటి, సెంటర్ చక్రం గంటకు ఒకటి. లూప్‌లో ఏ చక్రం ఏదో తేల్చుకోలేకపోతే వేగం చూడండి, అదే పేరు చెబుతుంది.

ఎరుపు రాళ్లు ఎందుకున్నాయో కూడా ఇప్పుడే లెక్కపెట్టాలి. బ్యాలెన్స్ ఇరుసుకు రెండు చిల్లి రాళ్లు, వాటి మీద రెండు మూత రాళ్లు, తోపు అందుకునే రాయి ఒకటి. ఫోర్క్ చేతులకు రెండు, ఫోర్క్ ఇరుసుకు రెండు. ఎస్కేప్, నాలుగో, మూడో, సెంటర్ చక్రాలకు తలా రెండు. మొత్తం 17. చేత్తో కీ ఇచ్చే మూడు ముళ్ల వాచీకి ఇవి చాలు. ఇంకా ఉన్నాయంటే అవి ఏ పని చేస్తున్నాయో అడగాలి. 1960ల్లో ఓరియంట్ లాంటి కంపెనీలు 100 జ్యూయెల్స్ అని డయల్ మీద రాసి మరీ అమ్మేవి, సగానికి పైగా రాళ్లకు చేసే పనేమీ లేదు. పైగా ఇవి ప్రయోగశాలలో పెంచిన కెంపులు. వజ్రకరూరు, జొన్నగిరి పొలాల్లో వాన పడ్డాక వెతికే రాళ్ల లెక్కన వీటికి విలువ కట్టకూడదు.

రెండో మెట్టు: ఎస్కేప్‌మెంట్

ఎస్కేప్ చక్రం, ప్యాలెట్ ఫోర్క్ కలిసి బ్యాలెన్స్‌ను తోసే ఏర్పాటు ఇది. స్వతంత్ర వాచీ తయారీదారులు తమ తెలివిని ఎక్కువగా పెట్టేది ఇక్కడే. ఎక్కువ వాచీల్లో ఉండే మామూలు రకం ఎస్కేప్‌మెంట్ స్విస్ లివర్‌లో ఎస్కేప్ చక్రం పన్ను రాయి మీద జారుతూ తోస్తుంది. జారుడు ఉందంటే నూనె కావాలి. నూనె ఆరితే, చిక్కబడితే నడక చెడుతుంది. ఈ ఒక్క చిక్కు విప్పడానికి రెండు వందల ఏళ్లుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి.

జార్జ్ డేనియల్స్ 1970ల్లో కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్ కనిపెట్టి జారుడును బాగా తగ్గించాడు. ఒమేగా దాన్ని 1999లో అమ్మకానికి తెచ్చింది. ఆయన శిష్యుడు రోజర్ స్మిత్ ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో ఇప్పటికీ అదే పద్ధతిని సవరిస్తూ చేతిపనిగా వాచీలు చేస్తున్నాడు. కారి వౌటిలైనెన్ ఫిన్లాండ్ వాడు, స్విట్జర్లాండ్‌లో స్థిరపడ్డాడు. ఆయన 'వాంగ్-విట్' మూవ్‌మెంట్‌లో రెండు ఎస్కేప్ చక్రాలు ఉంటాయి. రెండు వందల ఏళ్ల కిందటి గడియారాల నిపుణుడు బ్రెగే కాలం నాటి ఆలోచన అది, చక్రాలే బ్యాలెన్స్‌కు నేరుగా తోపు ఇస్తాయి. వెనక గాజులోంచి పెద్ద బ్యాలెన్స్ పక్కన ఆ రెండు చక్రాలు కనిపిస్తాయి. లోరాన్ ఫెరియే కూడా ఇలాంటిదే వాడాడు.

ఎఫ్‌.పి. జూర్న్ దారి వేరు. మెయిన్‌స్ప్రింగ్ నిండుగా ఉన్నప్పుడు బలంగా, ఖాళీ అవుతుంటే బలహీనంగా తోస్తుంది. ఆయన 1999 నాటి టూర్బియాన్ (బ్యాలెన్స్, ఎస్కేప్‌మెంట్ కలిసి ఒక పంజరంలో తిరిగే అమరిక) వాచీలో మధ్యలో ఇంకో చిన్న స్ప్రింగు పెట్టి, దాన్ని ప్రతి సెకనుకూ నింపుతాడు. దీనికి పేరు రెమాంట్వార్. బ్యాలెన్స్‌కు అందేది ఆ చిన్న స్ప్రింగు బలమే కాబట్టి తేడా దాదాపు ఉండదు. ఇలాంటి వాచీ దొరికితే టూర్బియాన్ పంజరం వదిలేసి సెకనుకోసారి ఎగిరే చిన్న లివర్ ఎక్కడుందో వెతకండి. ఆయన 2000లో తెచ్చిన రెజొనాన్స్ వాచీలో రెండు బ్యాలెన్స్‌లు పక్కపక్కనే కొట్టుకుంటూ ఒకదాని లయను ఇంకొకటి అందుకుంటాయి.

టూర్బియాన్ గురించి ఒక మాట. బ్రెగే 1801లో దానికి పేటెంట్ తీసుకున్నది జేబులో నిలువుగా ఉండే గడియారం కోసం. చేతి మీద వాచీ ఎలాగూ రకరకాలుగా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి చేతి వాచీలో టూర్బియాన్‌ను కచ్చితత్వానికి కొలమానంగా చూడొద్దు, దాని పంజరం అంచులు ఎంత బాగా మెరుగు పెట్టారన్నదే చూడండి.

ఇక్కడే బ్యాలెన్స్‌ను కూడా చూసేయాలి. పైన ప్లస్, మైనస్ గుర్తులున్న చిన్న చెయ్యి ఉంటే అది రెగ్యులేటర్. హెయిర్‌స్ప్రింగ్ రెండు పిన్నుల మధ్య నుంచి పోతుంది, ఆ పిన్నుల మధ్య ఖాళీ వల్ల ఊపు మారినప్పుడు నడక కాస్త మారుతుంది. చెయ్యి లేకుండా బ్యాలెన్స్ అంచు మీదే చిన్న స్క్రూలో బరువులో ఉంటే అది ఫ్రీ-స్ప్రంగ్. సర్దడం కష్టం, నిలకడ ఎక్కువ. హెయిర్‌స్ప్రింగ్ బయటి చివర పైకి లేచి లోపలికి వంగి ఉంటే అది బ్రెగే ఓవర్‌కాయిల్. ఆ వంపు పట్టకార్లతో చేతి మీద తీర్చేది. లోపలి చివర కూడా ప్రత్యేకమైన వంపుతో ఉంటే, వౌటిలైనెన్ చేసినట్టు, నిదానంగా చూడాల్సిన పని అది.

మూడో మెట్టు: మెరుగు పని

దీనికే ఎక్కువ సమయం కేటాయించండి, ఎక్కువ మంది మోసపోయేది కూడా ఇక్కడే.

జెనీవా చారలతో మొదలుపెట్టండి, తొందరగా అయిపోతాయి. బ్రిడ్జిల మీద, అంటే చక్రాల ఇరుసులను పైనుంచి పట్టి ఉంచే లోహపు పలకల మీద, సమాంతరంగా పోయే పట్టీలివి. ఒక బ్రిడ్జి మీద ఆగిన చార పక్క బ్రిడ్జి మీద అదే వరసలో కొనసాగాలి. చార అంచు స్క్రూ గుంట దగ్గర చెదరకూడదు. ఇంతే. చారలు వేయడం ఇప్పుడు యంత్రాలకు సులువు, వాటిని చూసి ధర అంచనా వేయొద్దు. కింది ప్లేటు మీద ఒకదానిపై ఒకటి ఎక్కిన గుండ్రటి గీరల వరసలు పెర్లాజ్. బ్రిడ్జి కింద, ఎవరికీ కనపడని మూలల్లో గుండ్రాలు చిన్నవై, ఒత్తుగా మారాయంటే చేసినవాడు ఓపిక చూపించాడని.

అసలు పరీక్ష యాంగ్లాజ్. బ్రిడ్జి అంచును 45 డిగ్రీల వాలుగా కోసి, ఆ వాలును అద్దంలా మెరిపించడం. దాన్ని మూడు విధాలుగా చూడాలి.

వెడల్పు: బ్రిడ్జి చుట్టూ ఒకే వెడల్పుతో పోవాలి. వంపుల దగ్గర సన్నబడితే చెయ్యి జారిందని అర్థం.

ఉపరితలం: టార్చి వెలుగు వాలు మీద ఒకే గీతలా పరుగెత్తాలి. లూప్‌లో సమాంతరమైన సన్నని గాట్లు కనిపిస్తే అది కోత యంత్రం వదిలిన జాడ, తర్వాత ఎవరూ పాలిష్ చేయలేదు. మంచి పనిలో ముందు ఆకురాయి, తర్వాత నునుపు రాళ్లు, ఆ తర్వాత జెంటియన్ అనే మొక్క కాండం ముక్కకు పాలిష్ పేస్టు రాసి రుద్దుతారు. కాండం మెత్తగా, సన్నని రంధ్రాలతో ఉండటం వల్ల పేస్టును పట్టుకుంటుంది, లోహాన్ని గీకదు.

మూలలు: బయటికి పొడుచుకొచ్చిన మూల ఎవరైనా చేయగలరు. లోపలికి వంగిన మూల దగ్గర రెండు వాలులు కలిసే చోట ఒక సన్నని, పదునైన గీత కనిపించాలి. తిరిగే పరికరం ఎంత చిన్నదైనా లోపలి మూలలో తన వ్యాసార్ధం మేర గుండ్రం వదిలేస్తుంది. కాబట్టి మెరిసే వాలుతో పదునైన లోపలి మూల ఉంటే అక్కడ మనిషి చెయ్యి పడినట్టే. డ్యుఫూర్ పనిలో, అక్రివియా వాచీలు చేసే రెజెప్ రెజెపి 2018 నాటి 'క్రోనోమెత్ర్ కాంటెంపరేన్'లో ఇవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టొచ్చు. గుండ్రటి మూల అంటేనే చెత్త పని అని కాదు. కొన్ని డిజైన్లలో కావాలనే అలా వదులుతారు. కానీ చేతిపని అని చెప్పి అమ్మే వాచీలో ఒక్క పదునైన లోపలి మూల కూడా లేకపోతే, చేతిపని ఎక్కడో చూపించమని అడగడం న్యాయమే.

తర్వాత బ్లాక్ పాలిష్. స్టీలు ముక్కను తగరం పలక మీద డయమంటీన్ అనే అల్యూమినా పొడితో, నూనెతో, చేత్తో రుద్ది చదును చేస్తారు. చిన్న ముక్కకే గంటలు పట్టొచ్చు. దుమ్ము రేణువు ఒక్కటి పడితే గీత పడి మొదటికొస్తుంది. పరీక్ష ఇది: టార్చి కింద వాచీ వంచుతుంటే ఆ ముక్క ఒక కోణంలో తెల్లగా, ఇంకో కోణంలో నల్లగా ఉండాలి, మధ్యలో బూడిద రంగు రాకూడదు. బాగా పాలిష్ పట్టిన కడప బండ మీద దీపం ప్రతిబింబం చూసినప్పుడు వెలుగు పడిన చోటు తప్ప మిగతా అంతా నల్లగా ఉంటుందే, అలా. బూడిద రంగు వచ్చిందంటే ఉపరితలం చదునుగా లేదు, సన్న గీతలున్నాయి. టూర్బియాన్ బ్రిడ్జి, రెగ్యులేటర్, స్క్రూ తలల మీద ఇది వెతకండి.

స్క్రూలు చిన్నవే గానీ చాలా చెబుతాయి. తల చదునుగా మెరవాలి, దాని అంచుకూ గాడి అంచుకూ కూడా సన్నని వాలు ఉండాలి. నీలం స్క్రూ అయితే అది వేడితో వచ్చిన నీలమా, రంగా అనేది చూడాలి. స్టీలును నెమ్మదిగా వేడి చేస్తే 230 డిగ్రీల దరిదాపుల్లో గడ్డి పసుపు, 260 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 290 నుంచి 300 మధ్య నీలం వస్తుంది. ఇంకా పోతే లేత బూడిద. రంగు మారేది క్షణాల్లో, ఒక స్క్రూ దాటిపోతే మళ్లీ మెరుగు పెట్టి మొదటి నుంచి చేయాలి. వేడి నీలం వాచీ వంచితే నల్లగా మారి మళ్లీ వెలుగుతుంది. రంగు పూసింది ఎటు వంచినా ఒకే నీలం. సెకండ్‌హ్యాండ్ వాచీలో గాడి అంచులు చితికి ఉంటే, కొలత కుదరని స్క్రూడ్రైవర్ పెట్టారని, అంటే ఎవరో తెలియనివారు విప్పారని అర్థం. ధర మాట్లాడే ముందు ఇది చూడాలి.

రాళ్లు కూర్చున్న గుంటల అంచులు కూడా మెరవాలి. బ్రిడ్జిల పక్క గోడల మీద నిలువు గీరలు ఒకే దిశలో ఉండాలి. ఎఫ్‌.పి. జూర్న్ 2004 నుంచి మూవ్‌మెంట్ ప్లేట్లు, బ్రిడ్జిలు చాలావరకు 18 క్యారెట్ల గులాబీ బంగారంతో చేస్తున్నాడు. ప్రొద్దుటూరు వాళ్లకు ఆసక్తి కలిగించే విషయమే, కానీ బంగారం వల్ల నడక బాగుపడదు. నికెల్ సిల్వర్ అనేదాంట్లో వెండి ఉండదు, అది రాగి, నికెల్, జింక్ మిశ్రమం. మూత తీసి ఉన్నప్పుడు వేలు తగిలితే కొన్నాళ్లకు ఆ వేలిముద్ర మచ్చగా మిగులుతుంది.

డయల్ గురించి తక్కువే చెప్పాలి. గిలోషే అంటే రోజ్ ఇంజిన్ అనే యంత్రం మీద చేత్తో తిప్పుతూ కోసిన నగిషీ. గీతల అంచులు పదునుగా, మెరుస్తూ ఉంటే కోసినది, మెత్తగా గుండ్రంగా ఉంటే అచ్చు కొట్టినది. ఎనామెల్ అయితే సుమారు 800 డిగ్రీల కొలిమిలో పలుమార్లు కాల్చినది. దగ్గరగా చూస్తే తెల్లదనంలో లోతు, అంచుల దగ్గర స్వల్పమైన వంపు ఉంటాయి.

నాలుగో మెట్టు: కొలవడం

టిక్ శబ్దం విని నడక కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రం మీద పెట్టినా, ఇయర్‌ఫోన్ మైకుతో ఫోన్ యాప్ వాడినా మూడు అంకెలు వస్తాయి. రోజుకు ఎన్ని సెకన్ల తేడా, ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ ఊగే కోణం), బీట్ ఎర్రర్ (టిక్‌కూ టాక్‌కూ మధ్య వ్యవధిలో తేడా). కీ నిండా ఇచ్చి, పది నిమిషాలు ఆగి, డయల్ పైకి పెట్టి మొదలుపెట్టండి. మామూలు లివర్ వాచీకి ఆంప్లిట్యూడ్ 270 నుంచి 310 డిగ్రీలు ఉంటే ఆరోగ్యం. నిలువుగా పెడితే 20 నుంచి 40 డిగ్రీలు తగ్గడం సహజం. నిండా కీ ఇచ్చినా 220 దాటకపోతే నూనె ఆరిపోయింది, సర్వీసు అడుగుతోంది. బీట్ ఎర్రర్ 0.8 మిల్లీసెకన్ల లోపు ఉంటే చాలు.

తప్పు ఎక్కువగా జరిగేది లిఫ్ట్ యాంగిల్ దగ్గర, అంటే ఫోర్క్ తగిలి ఉన్నంతసేపు బ్యాలెన్స్ తిరిగే కోణం దగ్గర. యంత్రాలు చాలావరకు 52 డిగ్రీలు అనుకుని లెక్కకడతాయి. కో-యాక్సియల్‌కు, రెండు ఎస్కేప్ చక్రాల వాచీకి అది కుదరదు, తప్పుడు ఆంప్లిట్యూడ్ చూపించి కంగారు పెడుతుంది. తయారీదారు చెప్పిన అంకె పెట్టాకే నమ్మండి.

స్విస్ క్రోనోమీటర్ పరీక్ష, అంటే కాస్క్, మూవ్‌మెంట్‌ను 15 రోజులు, 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో చూసి, రోజుకు సగటున 4 సెకన్లు వెనక, 6 సెకన్లు ముందు వరకు ఒప్పుకుంటుంది. కర్నూలు మే మధ్యాహ్నం ఆ పరీక్షలోని అతి ఎక్కువ వేడిని దాటేస్తుంది. చేతికి ఉన్నంతసేపూ పర్వాలేదు, శరీరం వేడి దాన్ని నిలకడగా ఉంచుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టడమే ప్రమాదం. నూనె పలచబడి రాళ్ల దగ్గర నుంచి జారిపోతుంది. రబ్బరు వాషర్లు గట్టిపడతాయి, ఆ తర్వాత మొదటి వానకే తేమ లోపలికి వస్తుంది.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడితే ముందు అయస్కాంతాన్ని అనుమానించండి. స్పీకరు, టాబ్లెట్ కవరు, హ్యాండ్‌బ్యాగు బటను, ఏదైనా కావచ్చు. హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అతుక్కుని స్ప్రింగు పొట్టిదైనట్టు ప్రవర్తిస్తుంది. డీమ్యాగ్నెటైజర్ మీద కొన్ని సెకన్ల పని ఇది. దీనికి మూవ్‌మెంట్ విప్పాలని ఎవరైనా అంటే ఇంకో చోట అడగండి.

అయిదో మెట్టు: స్వతంత్రం అంటే ఎంత?

పెద్ద గ్రూపుల చేతిలో లేని కంపెనీని స్వతంత్రం అంటున్నారు. స్వెండ్ ఆండర్సన్, విన్సెంట్ కలాబ్రేస్ 1985లో పెట్టిన ఏహెచ్‌సీఐ ఇలాంటి చేతిపనివాళ్ల సంఘం. అయితే గీత అంత స్పష్టంగా ఉండదు. జూర్న్ కంపెనీలో 2018లో ఫ్యాషన్ కంపెనీ చానెల్ 20 శాతం వాటా కొంది. అంతా ఒక్క మనిషే చేయడం కూడా అరుదు. హెయిర్‌స్ప్రింగ్, మెయిన్‌స్ప్రింగ్, రాళ్లు చాలామంది బయట కొంటారు, దాన్ని దాచనంత వరకు తప్పేమీ లేదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. మూవ్‌మెంట్ డిజైను ఎవరిది? బేస్ మూవ్‌మెంట్ బయట కొన్నదైతే ఏది, మీరు మార్చినదేంటి? మెరుగు పని మీ దగ్గరే జరుగుతుందా? పదేళ్ల తర్వాత విడిభాగం పోతే ఎవరు చేసిస్తారు? ఆఖరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. చేత్తో సరిపెట్టిన ముక్క స్థానంలో పెట్టడానికి అంగట్లో రెడీగా దొరకదు. తయారీదారు వర్క్‌షాపు మూతపడితే, ఆ పని తెలిసిన ఇంకొకరిని వెతికి ముక్క కొత్తగా చేయించుకోవాలి. అందుకు నెలలు పడుతుంది, ఖర్చు వాచీ ధరలో చెప్పుకోదగ్గ భాగం అవుతుంది.

వేరేవాళ్ల వాచీ చేతికిచ్చినప్పుడు ఉంగరం, కంకణం తీసేయండి. బల్ల మీద మెత్తటి గుడ్డ పరచి దాని మీదే పట్టుకోండి. అడక్కుండా కీ తిప్పకండి. తేదీ చూపించేదైతే రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య తేదీని చేత్తో మార్చొద్దు. ఆ సమయంలో లోపలి పళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.